ఒకే ప్రోటీన్‌కి రెండు నాలుగంకెల కోడ్లు: 3.4.21.62 రాయాలా, 3.40.50.200 రాయాలా?

బాసిల్లస్_బాబు
మట్టి నుంచి తీసిన బాసిల్లస్ జీనోమ్‌లో ఒక ప్రోటియేజ్ (ప్రోటీన్లని కోసే ఎంజైమ్) జన్యువు ఉంది. మొత్తం 382 అమైనో ఆమ్లాలు. ఆటోమేటిక్ అనొటేషన్ (కంప్యూటర్ పెట్టిన పేరు) "సబ్టిలిసిన్, ఈసీ 3.4.21.62" అంటోంది. అదే సీక్వెన్స్‌ని ఇంటర్‌ప్రోలో (ప్రోటీన్ కుటుంబాల డేటాబేస్) వేస్తే 3.40.50.200 అని ఇంకో కోడ్ చూపిస్తోంది. రెండూ 3తోనే మొదలయ్యాయి కదా, ఒకటి పాతదీ ఒకటి కొత్తదీ అనుకున్నాను. కానీ మిగతా అంకెలు ఎక్కడా కలవడం లేదు.

దీనికి తోడు ఇంకో చిక్కు. కల్చర్ సూపర్‌నాటెంట్‌లో 5 మిల్లీమోలార్ ఈడీటీఏ (లోహ అయాన్లని పట్టేసేది) కలిపితే కేసిన్ (పాల ప్రోటీన్) మీద యాక్టివిటీ 60 శాతం పైగా పడిపోతోంది. ఈడీటీఏకి లొంగింది కాబట్టి మెటలోప్రోటియేజ్ (లోహం సాయంతో కోసేది) అని రాయమంటున్నారు. అనొటేషన్‌లో సెరీన్ ప్రోటియేజ్ (సెరీన్ అనే అమైనో ఆమ్లంతో కోసేది) అని ఉంది. వర్గీకరణ పట్టికలో అసలు ఏం రాయాలి?

మడత_మాధవి
రెండూ రాయాలి, వేరే వేరే గడుల్లో. ఒకదానికొకటి బదులు కావు.

3.4.21.62 ఈసీ నంబరు. ఎంజైమ్ చేసే పనిని బట్టి ఇస్తారు. 3 అంటే హైడ్రోలేజ్, అంటే నీటితో బంధం తెంచేది. 4 అంటే తెగేది పెప్టైడ్ బంధం. 21 అంటే సెరీన్ ఎండోపెప్టిడేజ్. 62 ఆ గుంపులో వరుస సంఖ్య, దానికి వేరే అర్థం వెతకొద్దు.

3.40.50.200 క్యాత్ కోడ్. ఇది మడతను బట్టి. 3 అంటే ఆల్ఫా హెలిక్స్, బీటా షీట్ కలిసిన తరగతి. 40 అంటే మూడు పొరల శాండ్‌విచ్: మధ్యలో షీట్, రెండు వైపులా హెలిక్సులు. 50 అంటే రాస్మన్ ఫోల్డ్. 200 అంటే ఆ ఫోల్డ్‌లో ఎస్8/ఎస్53 పెప్టిడేజ్‌ల కుటుంబం. ఇంటర్‌ప్రో ఫలితంలో ఈ కోడ్ ముందు "జీ3డీఎస్ఏ" అని ఉంటుంది, అదే గుర్తు. రెండూ 3తో మొదలవడం కాకతాళీయం.

కడప_కైనేజ్
ఈసీ నంబరు వృత్తి, క్యాత్ కోడ్ ఇంటిపేరు. వడ్రంగి పని చేసేవాళ్లందరి ఇంటిపేరూ ఒకటి కాదు. ఒకే ఇంటిపేరున్న వాళ్లంతా ఒకే పనీ చేయరు.

సెరీన్221
కైనేజ్ పోలిక బాగుంది కానీ ఒక సవరణ. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలు కారు కదా, క్యాత్‌లో మూడో అంకె దాకా కలిస్తే అంతే. ఆకారం ఒకటి, పూర్వీకులు ఒకరే అన్న హామీ లేదు. నాలుగో అంకె కూడా కలిస్తేనే ఒకే వంశం.

మన కేసులోనే ఇది తేటగా కనిపిస్తుంది. కైమోట్రిప్సిన్ 3.4.21.1, సబ్టిలిసిన్ 3.4.21.62. ఈసీలో మూడంకెలు కలిశాయి. క్యాత్‌లో చూస్తే కైమోట్రిప్సిన్ 2.40.10.10, రెండు బీటా బ్యారెళ్లు. సబ్టిలిసిన్ ఆల్ఫా-బీటా శాండ్‌విచ్. మొదటి అంకె నుంచే వేరు. అయినా రెండింటిలోనూ పని చేసేది సెర్-హిస్-ఆస్ప్ (సెరీన్, హిస్టిడిన్, ఆస్పార్టేట్) త్రయమే. సీక్వెన్స్‌లో వాటి వరుస చూడండి:

కైమోట్రిప్సిన్: హిస్57, ఆస్ప్102, సెర్195
సబ్టిలిసిన్: ఆస్ప్32, హిస్64, సెర్221

వరుసే తారుమారైంది. ఒకే పూర్వీకుడి నుంచి వస్తే ఇలా మారదు. పరిణామంలో రెండు వేరు దారులు ఒకే యంత్రాంగానికి చేరాయి. ఆక్సియానియన్ హోల్ (చర్య మధ్యలో పుట్టే రుణావేశాన్ని పట్టి ఉంచే చోటు) కూడా అంతే. కైమోట్రిప్సిన్‌లో గ్లై193, సెర్195 వెన్నెముక నైట్రోజన్లు ఆ పని చేస్తాయి. సబ్టిలిసిన్‌లో సెర్221 వెన్నెముక నైట్రోజన్‌తో పాటు ఆస్న్155 (ఆస్పరజిన్) పక్క గొలుసు. పని ఒకటే, పనిముట్లు వేరు.

బాసిల్లస్_బాబు
ఇదే నాకు తేడా కొడుతోంది. ఆల్ఫాఫోల్డ్ (సీక్వెన్స్ నుంచి మడతని ఊహించే ప్రోగ్రాం) మోడల్ తెరిచి 221 దగ్గర చూస్తే సెరీన్ లేదు. 32లో ఆస్ప్ లేదు, 64లో హిస్ లేదు. త్రయమే లేకపోతే ఇది చచ్చిన ఎంజైమా?

సెరీన్221
చావలేదు. లెక్క మొదలెట్టిన చోటు వేరు. మీది 382 అంటున్నారు, బాసిల్లస్ అమైలోలిక్విఫేసియెన్స్ సబ్టిలిసిన్ బీపీఎన్' పొడవూ సరిగ్గా అంతే. అందులో మొదటి 30 సిగ్నల్ పెప్టైడ్, తర్వాతి 77 ప్రోపెప్టైడ్, మిగిలిన 275 అసలు ఎంజైమ్. పుస్తకాల్లో నంబర్లు ఆ 275 మొదటి రెసిడ్యూ నుంచి. మీ మోడల్‌లో నంబర్లు మెథియోనిన్ నుంచి. 107 కలపండి. ఆస్ప్ 139, హిస్ 171, ఆస్న్ 262, సెర్ 328.

అంకెల్ని నమ్మొద్దు, చుట్టూ ఉన్న అక్షరాలు చూడండి:
– ఆస్ప్ చుట్టూ: ఆస్ప్-సెర్-గ్లై (కార్ల్స్‌బర్గ్ అనే ఇంకో సబ్టిలిసిన్‌లో ఆస్ప్-థ్రి-గ్లై)
– హిస్ చుట్టూ: హిస్-గ్లై-థ్రి-హిస్, ఇందులో మొదటి హిస్ మనది
– సెర్ చుట్టూ: గ్లై-థ్రి-సెర్-మెట్-అల-ఏదైనా-ప్రో

మూడూ కనిపిస్తే, మోడల్‌లో ఆ మూడు పక్క గొలుసులూ ఒకదానికొకటి హైడ్రోజన్ బంధం దూరంలో ఉంటే, త్రయం ఉన్నట్టే.

మడత_మాధవి
కార్ల్స్‌బర్గ్‌తో పోల్చేటప్పుడు ఇంకో గుంట ఉంది. బీపీఎన్' తో పోలిస్తే అందులో 56వ రెసిడ్యూ దగ్గర ఒకటి తక్కువ. నేరుగా లెక్కపెడితే సెరీన్ 220లో ఉంటుంది. కొన్ని పేపర్లలో 220, కొన్నింటిలో 221 ఉంటుంది, రెండూ ఒకటే సెరీన్.

బాసిల్లస్_బాబు
139, 171, 262, 328... నాలుగూ ఉన్నాయి! గ్లై-థ్రి-సెర్-మెట్-అల కూడా ఉంది. మరి ఈడీటీఏ సంగతి?

జింక్_జానకి
ఈ తప్పు చాలా రిపోర్టుల్లో కనిపిస్తుంది, అందుకే వివరంగా రాస్తాను. ఈడీటీఏకి తగ్గితే మెటలోప్రోటియేజ్ అన్నది సగం నిజం. మీ గొట్టంలో రెండు విషయాలు కలిసి జరుగుతున్నాయి.

ఒకటి. సబ్టిలిసిన్‌కి కాల్షియం కావాలి, కోత కోయడానికి కాదు, నిలబడటానికి. 75 నుంచి 83 దాకా ఉన్న లూప్‌లో కాల్షియం గట్టిగా కూర్చుంటుంది. ఈడీటీఏ దాన్ని లాగేస్తే మడత వదులవుతుంది. వదులైన అణువుల్ని పక్కనున్న సబ్టిలిసినే కోసేస్తుంది. యాక్టివిటీ పడిపోయింది నిజమే, కానీ లోహం చురుకు కేంద్రంలో లేదు. ఆ లూప్‌ని పూర్తిగా తీసేసి, వేరే మార్పులతో స్థిరపరిచి, కాల్షియం అక్కర్లేని సబ్టిలిసిన్ తయారుచేశారు. అది ఈడీటీఏలోనూ పని చేస్తుంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

రెండు. మీరు వాడింది శుద్ధి చేయని సూపర్‌నాటెంట్. బాసిల్లస్ సబ్టిలిసిన్‌తో పాటు న్యూట్రల్ ప్రోటియేజ్‌ని కూడా బయటికి వదులుతుంది. అది నిజంగానే జింక్ ఎంజైమ్, ఎం4 కుటుంబం, ఈసీ 3.4.24.28. కేసిన్‌ని రెండూ కోస్తాయి. 60 శాతంలో ఎవరి వాటా ఎంతో మీ ప్రయోగం చెప్పలేదు.

విడదీయడానికి ఇలా చేయండి:

బఫర్‌లో 2 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ ఉంచి, ఈడీటీఏ బదులు 1,10-ఫినాంథ్రోలిన్ 2 మిల్లీమోలార్ వాడండి. అది జింక్‌ని బాగా పట్టుకుంటుంది, కాల్షియం జోలికి దాదాపు పోదు. అరగంట ముందే కలిపి ఉంచాలి. ఇంకో గొట్టంలో పీఎంఎస్‌ఎఫ్ (సెరీన్ ప్రోటియేజ్‌లని ఆపేది) 1 మిల్లీమోలార్. మూడో గొట్టంలో రెండూ. నాలుగో గొట్టంలో ఆ రెండింటినీ కరిగించిన ఆల్కహాల్ మాత్రమే. ఈ నాలుగోది లేకుండా మిగతా మూడింటికీ విలువ లేదు.

కాకినాడ_కైనెటిక్స్
జానకి గారి పద్ధతికి రెండు హెచ్చరికలు.

పీఎంఎస్‌ఎఫ్ నీళ్లలో నిలవదు. పీహెచ్ 8 దగ్గర, గది ఉష్ణోగ్రతలో గంట తిరక్కుండానే సగం పోతుంది. పొడి ఐసోప్రొపనాల్ లో 100 మిల్లీమోలార్ స్టాక్ (మిల్లీలీటర్‌కి 17.4 మిల్లీగ్రాములు) చేసుకుని, వాడే క్షణంలో కలపాలి. నిన్న బఫర్‌లో కలిపి ఫ్రిజ్‌లో పెట్టిన పీఎంఎస్‌ఎఫ్‌తో "సెరీన్ ప్రోటియేజ్ కాదు" అని తేల్చేయకండి. విషపదార్థం, గ్లవ్స్ తప్పనిసరి.

రెండోది ఫినాంథ్రోలిన్. కేసిన్ కోశాక టీసీఏ (ప్రోటీన్‌ని అవక్షేపించే ఆమ్లం) వేసి 280 నానోమీటర్ల దగ్గర చదివే పద్ధతి అయితే ఫినాంథ్రోలిన్ కూడా ఆ అతినీలలోహిత ప్రాంతంలోనే పీల్చుకుంటుంది. రీడింగ్ ఆకాశానికి వెళ్తుంది, లేదా బ్లాంక్ తీసేసరికి నెగెటివ్ వస్తుంది. అజోకేసిన్‌కి (రంగు తగిలించిన కేసిన్) మారండి.

జింక్_జానకి
280 విషయం నేను రాయాల్సింది, మర్చిపోయాను. ధన్యవాదాలు.

కాకినాడ_కైనెటిక్స్
అసలు కేసిన్ కంటే మంచి దారి సక్సినైల్-అల-అల-ప్రో-ఫే-పారానైట్రోఅనిలైడ్. సబ్టిలిసిన్ ఫే తర్వాత కోస్తే పసుపు రంగు నైట్రోఅనిలీన్ విడుదలవుతుంది. న్యూట్రల్ ప్రోటియేజ్ హైడ్రోఫోబిక్ రెసిడ్యూకి ముందు వైపు కోస్తుంది కాబట్టి ఈ రంగు రాదు. శుద్ధి చేయకుండానే సబ్టిలిసిన్ ఒక్కదాన్నే కొలవొచ్చు.

100 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 8.6, 25 డిగ్రీలు, సబ్‌స్ట్రేట్ 0.5 మిల్లీమోలార్. స్టాక్ డీఎంఎస్‌ఓలో, చివరికి గొట్టంలో డీఎంఎస్‌ఓ 5 శాతం దాటొద్దు. 410 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ గుణకం 8,800. నిమిషానికి 0.088 పెరిగితే 10 మైక్రోమోలార్ ఉత్పత్తి అయినట్టు. సరళరేఖ ఉన్నంత వరకే లెక్కలోకి తీసుకోండి.

సెరీన్221
ఒక్క మాట. ఈ సబ్‌స్ట్రేట్‌ని కైమోట్రిప్సిన్ కూడా కోస్తుంది, ఆ మాటకొస్తే చక్కగా కోస్తుంది. పసుపు వచ్చింది కాబట్టి సబ్టిలిసిన్ మడత అని రాయకండి. చర్యని చూసి మడతని చెప్పలేం, ఈ చర్చంతా దాని గురించే.

బ్లాస్ట్_భాస్కర్
ఇంత ఎందుకండీ? బ్లాస్ట్‌లో (సీక్వెన్స్ పోలికలు వెతికే ప్రోగ్రాం) 80 శాతం పైగా ఐడెంటిటీ వస్తే అదే ఎంజైమ్. 3.4.21.62 రాసేసి ముందుకు పోవచ్చు. జీనోమ్‌లో నాలుగు వేల జన్యువులుంటే అన్నిటికీ పీఎంఎస్‌ఎఫ్ పోస్తూ కూర్చుంటారా?

మడత_మాధవి
బాబు గారి ప్రోటీన్ వరకు మీ మాట చెల్లుతుంది, త్రయం కూడా ఉంది కాబట్టి. సూత్రంగా మాత్రం ఒప్పుకోను.

అట్రజిన్ క్లోరోహైడ్రోలేజ్, మెలమైన్ డీఅమినేజ్. 98 శాతం ఒకటే సీక్వెన్స్, తేడా తొమ్మిది రెసిడ్యూలు. ఒకటి కార్బన్-క్లోరిన్ బంధం తెంచుతుంది, ఈసీ 3.8.1.8. రెండోది అమైనో గుంపుని తీసేస్తుంది, అది ఈసీ 3.5.4 లో ఉంటుంది. రెండో అంకె దగ్గరే దారులు విడిపోయాయి.

బ్లాస్ట్_భాస్కర్
అది అపవాదం. అపవాదాల్ని చూసి నియమం మార్చలేం కదా.

మడత_మాధవి
మార్చమనడం లేదు, ఎంత దూరం నమ్మాలో చెబుతున్నా. స్థూలంగా 40 శాతం దాటితే ఈసీ మొదటి మూడంకెలు, 60 దాటితే నాలుగోది తీసుకోవచ్చని వాడుక. అది కూడా అలైన్‌మెంట్ మొత్తం పొడవునా ఉంటేనే. 300 రెసిడ్యూల్లో 70 కలిసి 65 శాతం అంటే అది ఒక చిన్న డొమైన్ పోలిక మాత్రమే. ఆపైన చురుకు రెసిడ్యూలు ఉన్నాయో లేవో కంటితో చూడటం. ఈ మూడో మెట్టు వదిలేస్తేనే డేటాబేసుల్లో తప్పులు పుడతాయి. ఒకరు తప్పు పేరు పెడితే తర్వాతి వంద మంది బ్లాస్ట్‌లో అదే పేరు చూసి అదే పెడతారు. స్విస్-ప్రాట్‌లో మనుషులు సరిచూసిన ఎంట్రీని ఆధారంగా తీసుకోండి, యంత్రమే పేరు పెట్టిన ట్రెంబుల్ ఎంట్రీని కాదు.

పాలమూరు_పెప్టైడ్
భాస్కరన్నా, పాలల్లో ఆల్ఫా-లాక్టాల్బుమిన్ ఉంటది. గుడ్డు తెల్లసొనల లైసోజైమ్‌తో 40 శాతం దాకా కలుస్తది, మడత అచ్చం అదే. కానీ బ్యాక్టీరియా గోడను కోయనే కోయదు. లైసోజైమ్‌కు గ్లూ35 (గ్లుటమేట్), ఆస్ప్52 కావాలె, దీంట్ల ఆ జోడీ లేదు. గెలాక్టోసిల్‌ట్రాన్స్‌ఫరేజ్ పక్కన చేరి లాక్టోజ్ తయారు చేయిస్తది. మడత చూసి 3.2.1.17 అని రాస్తే పాల గ్లాసంత పెద్ద తప్పు.

కడప_కైనేజ్
ఇంటిపేరు అదే, వృత్తి మానేసి పక్కింటివాళ్ల దుకాణంలో సాయం చేస్తోందన్నమాట.

జింక్_జానకి
తిరగేసి చూసినా అంతే. కార్బానిక్ అన్‌హైడ్రేజ్ ఒకటే ఈసీ, 4.2.1.1. మనలో ఉండే ఆల్ఫా, మొక్కల్లో ఉండే బీటా, మెథనోసార్సినాలో దొరికిన గామా, మూడింటి మడతల మధ్య ఏ చుట్టరికమూ లేదు. మూడింటిలోనూ లోహం (ఎక్కువగా జింక్) ఉంది, నీటి అణువుని సిద్ధం చేయడం ఉంది.

ఇది పుస్తకాల సంగతి మాత్రమే అనుకోకండి. పెన్సిలిన్ లాంటి మందుల్ని తెంచే బీటా-లాక్టమేజ్‌లకి ఒకటే నంబరు 3.5.2.6. ఏ, సీ, డీ తరగతులవి సెరీన్‌తో కోస్తాయి, బీ తరగతివి జింక్‌తో. ఎన్‌డీఎం-1 బీ తరగతి. క్లావులానిక్ ఆమ్లం, అవిబాక్టామ్ సెరీన్ మీద పని చేసే మందులు కాబట్టి ఎన్‌డీఎం ముందు నిలవవు. ఈసీ నంబరు ఒక్కటే చూసి ఇన్హిబిటర్ ఎంచుకుంటే రోగికి పని చేయదు.

బాసిల్లస్_బాబు
ఒక ప్రశ్న. ఈసీ చర్యని బట్టి అయితే, 3.4.21లో "సెరీన్" ఎలా వచ్చింది? సెరీన్ అనేది చర్య కాదు కదా, ఎంజైమ్ లోపలి భాగం.

మడత_మాధవి
చాలా మంచి ప్రశ్న. పెప్టిడేజ్‌లు అందరికీ తలనొప్పి, ఎందుకంటే అన్నీ చేసేది ఒకే చర్య: పెప్టైడ్ బంధం తెంచడం. చర్యని బట్టి విడదీద్దామంటే ఏమీ మిగలదు. అందుకే ఎండోపెప్టిడేజ్‌ల మూడో అంకె యంత్రాంగాన్ని బట్టి పెట్టారు: 21 సెరీన్, 22 సిస్టీన్, 23 ఆస్పార్టిక్, 24 మెటలో, 25 థ్రియోనిన్. నిర్మాణం ఈసీలోకి దొడ్డిదారిన వచ్చిన చోటు ఇది. అందుకే మెరోప్స్ అని ప్రోటియేజ్‌లకి విడిగా వంశాల పట్టిక ఉంది. మీది అందులో ఎస్8 కుటుంబం, ఎస్‌బీ క్లాన్. కైమోట్రిప్సిన్ ఎస్1 కుటుంబం, పీఏ క్లాన్.

సెరీన్221
యంత్రాంగం కూడా ఎంత సున్నితమో చూడండి. సెర్221ని సిస్టీన్ చేసి, ప్రో225ని అలనిన్ చేస్తే అదే సబ్టిలిసిన్ పెప్టైడ్‌లని అతికించే పనికొస్తుంది, సబ్టిలిగేజ్ అని పేరు. రెండు రెసిడ్యూలు. క్యాత్ కోడ్‌లో ఒక్క అంకె కూడా కదలదు.

ఇంకోవైపు, త్రయంలో మూడింటినీ అలనిన్ చేసినా, ఎంజైమ్ లేని వేగం కంటే సుమారు వెయ్యి రెట్లు మిగిలే ఉంటుంది. పని అంతా త్రయానిదే అనుకోకూడదు, పట్టుకునే గాడికీ ఆక్సియానియన్ హోల్‌కీ వాటా ఉంది.

బాసిల్లస్_బాబు
అదే జీనోమ్‌లో ఇంకోటి ఉంది. బ్లాస్ట్‌లో సబ్టిలిసిన్‌తో ఏమీ కలవలేదు. ఫోల్డ్‌సీక్‌లో (మడతల పోలికలు వెతికేది) వేస్తే సబ్టిలిసిన్ మీద టీఎం-స్కోర్ (మడత ఎంత కలిసిందో చెప్పే అంకె) 0.5 దాటింది. గ్లై-థ్రి-సెర్ ఉంది. కానీ హిస్ ఉండాల్సిన చోట గ్లూ ఉంది. హిస్ లేకపోతే త్రయం లేదు కాబట్టి పనిచేయని ప్రోటీన్ అని రాయనా?

సెరీన్221
ఆగండి, రాయకండి! అది ఎస్53 కావొచ్చు. సెడోలిసిన్ కుటుంబం. మడత సబ్టిలిసిన్‌దే, త్రయం సెర్-గ్లూ-ఆస్ప్. ఆక్సియానియన్ హోల్‌లో ఆస్న్ బదులు ఆస్ప్. గ్లూ, ఆస్ప్ రెండూ ఆమ్ల స్వభావమున్నవి కాబట్టి ఈ ఎంజైమ్‌లు పుల్లని పీహెచ్‌లోనే పని చేస్తాయి. బాసిల్లస్‌లో కుమామోలిసిన్ అని ఉంది, పీహెచ్ 3 దగ్గర చురుకు. మీరు 8.6లో పరీక్షిస్తే సున్నా వస్తుంది, చచ్చిందని రాసేస్తారు.

మడత_మాధవి
సెడోలిసిన్ కథ ఇక్కడ చెప్పుకోవాల్సిందే. ఆమ్ల పీహెచ్‌లో పని చేస్తోంది, అయినా ఆస్పార్టిక్ ప్రోటియేజ్‌లని ఆపే పెప్స్టాటిన్‌కి లొంగడం లేదు. వింత ఆస్పార్టిక్ ప్రోటియేజ్ అనుకుని 3.4.23.37 ఇచ్చారు. 2001లో స్ఫటిక నిర్మాణం వచ్చింది. చూస్తే సబ్టిలిసిన్ మడత, మధ్యలో సెరీన్. నంబరు మార్చి 3.4.21.100 చేశారు. నిర్మాణం చూశాకే పని పేరు సరిపడింది.

బ్లాస్ట్_భాస్కర్
సరే, ఈ ఒక్క ఉదాహరణకి తలవంచుతున్నా. సీక్వెన్స్ వెతుకులాటలో ఇది నాకు దొరికేది కాదు.

కాకినాడ_కైనెటిక్స్
పీహెచ్ 3 దగ్గర చేసేటప్పుడు కేసిన్ వాడొద్దు, 4.6 చుట్టూ అవక్షేపమై మబ్బుగా ఉంటుంది, దానికి దిగువనా నమ్మలేం. ఆమ్లంతో విప్పిన హీమోగ్లోబిన్ వాడండి. పక్కన పెప్స్టాటిన్ గొట్టం ఒకటి.

పాలమూరు_పెప్టైడ్
ఒకవేళ ఈ. కోలైల తీయాలనుకుంటే ప్రోపెప్టైడ్ కోసేయకుండ్రి. 275 రెసిడ్యూలు మాత్రమే క్లోన్ చేస్తే సబ్టిలిసిన్ సరిగ మడత పడదు. ప్రోపెప్టైడే దానికి మడత నేర్పేది, పని అయినంక దాన్నే కోసి పారేస్తది. సెర్221ని అలనిన్ చేసి నెగెటివ్ కంట్రోల్ పెడితే ప్రోపెప్టైడ్ తెగదు, జెల్‌ల బ్యాండ్ 27-28 కిలోడాల్టన్ దగ్గర కాకుండ దాని పైన కనిపిస్తది. చూసి భయపడకుండ్రి.

సెరీన్221
జెల్ అన్నారు కాబట్టి: చురుకైన సబ్టిలిసిన్‌ని నేరుగా ఎస్‌డీఎస్ బఫర్‌లో వేస్తే మరిగేలోపే తనను తాను, పక్కవాటినీ నమిలేస్తుంది. ముందు పీఎంఎస్‌ఎఫ్ వేయండి, లేదా టీసీఏతో అవక్షేపించి అప్పుడు బఫర్ వేయండి.

బాసిల్లస్_బాబు
మొదటిది చేశాను. కాల్షియం ఉన్న బఫర్‌లో, ఫే-నైట్రోఅనిలైడ్ మీద: ఆల్కహాల్ కంట్రోల్ 100 అనుకుంటే ఫినాంథ్రోలిన్‌తో 96, పీఎంఎస్‌ఎఫ్‌తో 3. అజోకేసిన్ మీద ఫినాంథ్రోలిన్‌తో 62, పీఎంఎస్‌ఎఫ్‌తో 41, రెండూ కలిపితే 4.

జింక్_జానకి
మీ సూపర్‌నాటెంట్‌లో ఇద్దరూ ఉన్నారు. అజోకేసిన్ మీద సుమారు నాలుగు వంతుల్లో ఒకటిన్నర జింక్ ఎంజైమ్ వాటా, మిగతాది సబ్టిలిసిన్. ఈడీటీఏతో 60 పడింది, ఫినాంథ్రోలిన్‌తో 38 మాత్రమే పడింది. సబ్‌స్ట్రేట్ మారింది కాబట్టి ఖచ్చితంగా పోల్చలేం కానీ, మధ్య తేడా చాలా వరకు కాల్షియం పోయి కూలిన సబ్టిలిసినే అయ్యుంటుంది. నిర్ధారణ కావాలంటే అజోకేసిన్ మీదే ఈడీటీఏ గొట్టం కూడా పెట్టండి. జీనోమ్‌లో హిస్-గ్లూ-ఏదైనా-ఏదైనా-హిస్ ఉన్న ఎం4 జన్యువు వెతకండి, దొరుకుతుంది.

బాసిల్లస్_బాబు
దొరికింది. పట్టిక ఇలా రాస్తున్నా:

జన్యువు 1: ఈసీ 3.4.21.62 | ఎస్8 | క్యాత్ 3.40.50.200 | ఆస్ప్139, హిస్171, సెర్328 | ఆధారం: ఇన్హిబిటర్, సబ్‌స్ట్రేట్
జన్యువు 2: ఈసీ 3.4.21.123 కుమామోలిసిన్ | ఎస్53 | క్యాత్ 3.40.50.200 | ఆధారం: ఫోల్డ్‌సీక్ మోడల్
జన్యువు 3: ఈసీ 3.4.24.28 | ఎం4 | ఆధారం: సీక్వెన్స్ 85 శాతం, ఫినాంథ్రోలిన్

మడత_మాధవి
రెండో వరుసలో 123 తీసేయండి. ప్రయోగం చేయలేదు, దగ్గరి సీక్వెన్స్ పోలికా లేదు. 3.4.21.– అని గీత పెట్టి వదలండి. మొదటి వరుసలో నంబర్ల పక్కన "ప్రీప్రో లెక్క, పక్వ రూపంలో 32, 64, 221" అని కూడా రాయండి, లేకపోతే చదివేవాళ్లకి మీకొచ్చిన అనుమానమే వస్తుంది.

బాసిల్లస్_బాబు
గీత పెట్టాను. హీమోగ్లోబిన్ పీహెచ్ 3 పరీక్ష అయ్యాక ఇదే చర్చలో అంకెలు పెడతా.